ఇంటి కప్పు, చోళ్ల కుప్ప

పెదబయలు వైపు నుంచి కొండెక్కే తారు రోడ్డు పనసగొందితో ఆఖరు. ఆ పైన కాలిబాటే. జీవిత పుట్టింది ఆ ఊళ్లోనే, పెళ్లయి కాపురముంటున్నదీ ఆ ఊళ్లోనే. ఆమె భర్త ఎజ్రాకు మిరియాల తీగలు పాకించిన కాఫీ తోట కొంత, దాని దిగువన వరి మడి, మెట్ట మీద చోళ్లు, సామలు పండే చెక్క ఉన్నాయి. చోళ్లంటే రాగులే. కొండమీద ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆదివారం మిషను చర్చికి వెళతారు. మిగతా సగం జాకర దేవతకు మొక్కుతారు. కోతలకూ నూర్పులకూ మాత్రం ఈ లెక్క ఉండదు. ఎవరి కళ్లంలో పనుంటే అక్కడికి అందరూ పోతారు.

జీవిత తండ్రి మోసెస్ చర్చిలో పాటలు పాడించేవాడు. ఆమె పాడేరులో ఇంటర్ చదువుతుండగా చనిపోయాడు. ఎలా చనిపోయాడో ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు ముక్కపురుగు మరీ ఎక్కువగా ఉందని మోసెస్ సంతలో పొట్లాలు కట్టి అమ్మే మందుపొడి కొని, విత్తనానికి దాచిన మొక్కజొన్న గింజలకు పట్టించాడు. మూటకట్టి వాసానికి వేలాడదీశాడు. విత్తగా కొంచెం మిగిలింది. వానలు ముదిరాయి. కొండచరియ జారి రోడ్డు మూసుకుపోవడంతో రేషను బియ్యం పైకి రాలేదు. ఇంట్లో గింజలు అడుగంటాయి. జీవిత తల్లి పైడమ్మ వాసానికున్న మూట దింపింది. ఊరి పక్కన పారే గెడ్డ దగ్గరికి తీసుకుపోయి, నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా గింజలను కడిగింది. పొయ్యి పక్కన ఆరబెట్టి, తిరగల్లో విసిరి, అంబలి కాచింది. పొలం నుంచి ఆకలితో వచ్చిన మొగుడికి ముందు పోసి, మిగిలింది తాను తాగింది. సాయంత్రానికి ఇద్దరూ పడిపోయారు. ఊరి మగవాళ్లు ఇద్దరినీ డోలీల్లో కిందికి మోసుకెళ్లారు. పైడమ్మ బతికింది. మోసెస్ ఆస్పత్రి చేరకముందే పోయాడు.

పైడమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ మూట తమ ఇంట్లో ఉండి ఉంటే తామూ దింపేవాళ్లమేనని ప్రతి ఆడమనిషికీ తెలుసు. కొండమీద తిండిగింజను పారబోసే మనిషి ఉండదు. తుప్పలు నరికి, కొండ వాలులో కాళ్లు నిలదొక్కుకుని పండించిన గింజ అది. దాన్ని పారబోయడం తప్పని పిల్లలకు మాటలు రాకముందే నేర్పుతారు. పైడమ్మ ఆ తర్వాత మాటలు బాగా తగ్గించేసింది. మొగుడు పోయిన ఇంట్లో ఉండలేక కూతురి పెళ్లయ్యాక కూతురి దగ్గరికే వచ్చేసింది.

అందుకనే, పాడేరులో రైతు సంఘం ఒకటి ఏర్పడి, కొండమీద పండే చోళ్లు, సామలు కొంటామనీ, ప్రతి ఊళ్లోనూ ధాన్యం ఎలా ఎండబెట్టాలో, ఎలా దాచాలో చెప్పే మనిషి ఒకరు కావాలనీ కబురు పెట్టినప్పుడు, జీవిత మొదటే వెళ్లి పేరు ఇచ్చింది. ఎజ్రా కాఫీ కాయలు కోసే వేళని కొంచెం నసిగాడు. ఆమె ఏమీ వాదించలేదు, వెళ్లి వచ్చింది.

పాడేరులో శిక్షణ ఇచ్చారు. తడి గింజకు బూజు పడుతుందనీ, ఆ బూజులో విషం ఉండొచ్చనీ, ఉడికించినా అది పోదనీ చెప్పారు. ఎరువులు, పురుగుమందులు వచ్చిన సంచుల్లో తిండిగింజలు పోయకూడదు. పురుగు చావడానికి వేసే మందు గోలీలు మనుషులు పడుకునే ఇంట్లో పెట్టకూడదు. మందు పట్టించిన విత్తనాన్ని తిండిగింజతో ఒకే చోట ఉంచకూడదు. ఆ ఆఖరి మాట చెబుతున్నప్పుడు జీవిత పెన్ను కింద పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సంఘం నడిపే సర్వేశ్వరరావు మైదానం నుంచి వచ్చిన మనిషి. మంచివాడే, కాని ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. గింజలో తేమ కొలిచే చిన్న మిషను ఒకటి, గోడలకు అంటించే బొమ్మల కాగితాలు కొన్ని జీవిత చేతికిచ్చాడు. ఇంటికొకటి చొప్పున నీలం టార్పాలిన్లు లారీలో పంపాడు. చోళ్లు రోడ్డు మీద కాకుండా వాటి మీద ఎండబెట్టాలి, వానొస్తే కుప్ప మీద కప్పాలి. అదీ ఏర్పాటు.

మొదటి ఏడాది జీవిత చాలా మాట్లాడింది. కళ్లాలన్నీ తిరిగింది. తేమ శాతం, నిల్వ ప్రమాణం, శిలీంధ్రం అంటూ పాడేరులో రాసుకున్న మాటలన్నీ అలాగే చెప్పింది. ఆడవాళ్లు చాటలు ఆడిస్తూనే వినేవాళ్లు, తల ఊపేవాళ్లు, ఆమె వెళ్లగానే నవ్వుకునేవాళ్లు. ఆమెకు తేమ మేడం అని పేరు పెట్టారు. అది ఎజ్రా చెవినీ పడింది. అతను ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

ఊళ్లో అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది యర్రమ్మ. ఆమె జీవిత వాళ్ల ఇంటికి దిగువనే ఉండేది. కొడుకూ కోడలూ పనులకని దూరం పోయి వస్తూ పోతూ ఉంటే, మనవరాలు సోనిని పెట్టుకుని ఒంటరిగా వ్యవసాయం చేసేది. చర్చికి రాదు గాని, మోసెస్ పోయినప్పుడు పైడమ్మ దగ్గర కూర్చుని అంబలి తాగించింది ఆవిడే. జీవిత ఆమె వాకిట్లో బొమ్మల కాగితం విప్పి చెబుతుంటే చివరంటా విని, "నువ్వు పుట్టకముందు నుంచీ నాను సోళ్లు ఎండబెడతన్నాను గుంటా. నా సోళ్లు తిని సచ్చినోళ్లు ఊర్లో ఎవులూ నేరు," అంది. ఆ మాట అన్నాక, ఎవరి కూతురితో అన్నదో గుర్తొచ్చి, లోపలికి వెళ్లి పనసతొనలు తెచ్చి జీవిత ఒళ్లో పెట్టింది.

యర్రమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఆమె చిన్నప్పుడు చోళ్లు పేడ అలికిన కళ్లంలో ఎండేవి, వెదురు గాదెల్లో పడేవి. గాదెలను రాళ్ల మీద ఎత్తుగా నిలిపేవాళ్లు. ఇప్పుడు వెదురు అల్లేవాళ్లు తగ్గారు. సంకర మొక్కజొన్నతో పాటు యూరియా వచ్చింది, యూరియాతో సంచులు వచ్చాయి. సంచులు గట్టిగా ఉన్నాయని అందరూ వాటిలోనే గింజలు పోయసాగారు. తారు రోడ్డు పడ్డాక, వేడికి బేగి ఎండుతాయని కళ్లం వదిలేసి రోడ్డు మీదికి వచ్చారు. ఆటోలు గింజల మీదుగానే పోతాయి, మేకలు అక్కడే పడుకుంటాయి. అంటే యర్రమ్మ అలవాటు అంటున్నదాంట్లో సగం పాతది, సగం నిన్న మొన్న వచ్చింది. ఈ సంగతి జీవితకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఈ ముసలామె తన మాట వినడం లేదన్న కోపం ఒక్కటే ఉంది.

ఆ కోపంలోనే ఒక పొరపాటు చేసింది. కార్తీకంలో సర్వేశ్వరరావు ఊరు చూడటానికి వచ్చాడు. రోడ్డు మీద చోళ్లు ఎప్పటిలాగే పరిచి ఉన్నాయి. నీలం టార్పాలిన్లు మాత్రం కళ్లాల్లో లేవు, ఇళ్ల కప్పుల మీద ఉన్నాయి. దాదాపు ప్రతి ఇంటి మీదా ఒకటి పరిచి, ఎగరకుండా రాళ్లు పెట్టి ఉంది. ఆయన మొహం ముడుచుకుపోయింది. ధాన్యం కోసం తెచ్చినవి ఇలా వాడితే వచ్చే ఏడు ఇవ్వడం కుదరదని జీవితతో చెప్పి వెళ్లిపోయాడు. జీవిత ఆ సిగ్గుతోనే యర్రమ్మ ఇంటికి వెళ్లింది. టార్పాలిను దింపమంది. యర్రమ్మ నిచ్చెన వేసుకుని తనే ఎక్కి దింపి, మడతపెట్టి, గుమ్మం పక్కన పెట్టింది.

రెండు రోజుల తర్వాత వాన పడింది. యర్రమ్మ ఇంటి పెంకులు సగం పగిలిపోయి ఉన్నాయి. సోని తడిసిన చాప మీద పడుకుని జ్వరం తెచ్చుకుంది. జీవితే ఆ పిల్లను ఆటోలో పెదబయలు ఆస్పత్రికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చాక, గుమ్మం పక్కన మడతపెట్టి ఉన్న టార్పాలినును తీసి, ఎజ్రాను పిలిచి, మళ్లీ ఇంటి మీద పరిపించింది. యర్రమ్మ కింద నిలబడి రాళ్లు అందించింది.

జీవిత ఆ ఏడు శీతాకాలమంతా ఆలోచించింది. తానెందుకు ఈ పనిలోకి వచ్చింది? తండ్రి పోయినట్టు ఇంకెవరూ పోకూడదని. కాని తండ్రి పోవడానికి కారణం, ఎవరూ ఏమీ చెప్పకపోవడం కాదు. ఆ మందుపొడి మంచిది కాదని ఆయనకూ తెలుసు, అమ్మకూ తెలుసు. తెలియకుండా ఎవరైనా అన్నిసార్లు కడుగుతారా? ఇంట్లో ఇంకేమీ లేదు, ఆ మూట ఉంది. అంతే. అలాంటి ఇంటికి వెళ్లి బొమ్మల కాగితం చూపిస్తే ఏం లాభం? ఇంటి కప్పు కారుతున్న మనిషికి కుప్ప మీద టార్పాలిను కప్పమని చెప్పడమూ అలాంటిదే అనిపించింది.

మరుసటి ఏడు ఆమె మాటలు తగ్గించింది. ఎవరి కళ్లంలో నూర్పులుంటే అక్కడికి చీర ఎగదోపుకుని పోయి, వాళ్లతో పాటు చోడి కంకులను కర్రతో కొట్టేది, తూర్పారబట్టేది. తేమ మిషను మొదటి వానాకాలంలోనే పాడైపోయింది. దానికి బదులు శిక్షణలో విన్న పద్ధతి ఒకటి గుర్తొచ్చింది. బాగా ఆరిన గాజుసీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి, మూత బిగించి, బాగా ఊపి కాసేపు వదిలెయ్యాలి. గింజల్లో తడి ఉంటే ఉప్పు సీసా గోడకు అంటుకుంటుంది. లేకపోతే గింజల మధ్య నుంచి అడుక్కి జారిపోతుంది.

ఇది ఊరికి నచ్చింది. దీనికి శాతాలు అక్కర్లేదు, మేడం అక్కర్లేదు. ఉప్పు లేని ఇల్లు లేదు, ఖాళీ సీసాలకూ కొదవ లేదు. ఆడవాళ్లు ఒకరి గింజలు ఒకరు పరీక్ష చేయడం మొదలుపెట్టారు. ఎండాయని ఒకామె పట్టుబడితే, ఇంకొకామె సీసా తెచ్చి ఊపేది. యర్రమ్మ మొదట్లో పళ్లతో కొరికి చూసి చెప్పేది. ఆమె మాటకూ సీసాకూ చాలాసార్లు కుదిరేది, కొన్నిసార్లు కుదిరేది కాదు. పళ్లు అరిగిపోయాయని తనే ఒప్పుకుని, ఒక సీసా కడిగి పొయ్యి పక్కన పెట్టుకుంది. రోడ్డు మీద ఎండబెట్టడం కొంత తగ్గింది. యూరియా సంచులు మాత్రం పోలేదు. కొత్త గోనెసంచులు కావాలని జీవిత సంఘానికి కబుర్ల మీద కబుర్లు పంపుతూనే ఉంది.

ఆ ఏడే, చోళ్లు కోసి కుప్పలు వేసిన తర్వాత తుఫాను పట్టింది. సముద్రం మీద పుట్టిన వాన కొండల దాకా వచ్చి, కదలకుండా కూర్చుంది. టార్పాలిన్లు ఉన్నవాళ్లు కుప్పల మీద కప్పారు. కొందరు కంకులను ఇళ్లలోకి మోసుకుని అటక మీద, పొయ్యి పైన వేశారు. యర్రమ్మ టార్పాలిను ఇంటి మీద ఉంది. దాన్ని దింపితే సోని మళ్లీ తడుస్తుంది. ఆమె గడ్డి కప్పి, దాని మీద ఎండుటాకులు కప్పి, దేవుడి మీద భారం వేసింది. జీవిత తమ కుప్ప సర్దుకుని, వెళ్లి చూసేసరికి యర్రమ్మ కుప్ప అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఇద్దరూ కలిసి పైనున్న కంకులు కొన్ని ఇంట్లోకి చేరవేశారు. మిగతావి తీసేలోపే తడిసి ముద్దయ్యాయి.

వాన వెలిశాక ఎండ బాగా కాసింది. వారం తిరిగేసరికి యర్రమ్మ వాకిట్లో చోళ్లు పరిచి ఉన్నాయి. తుడిచి, కడిగి, ఎండబెట్టిన చోళ్లు. దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నాయి. జీవిత దగ్గరికి వెళ్లి గుప్పెట్లోకి తీసుకుంది. ఎర్రగా మెరవాల్సిన గింజ మసిబారి ఉంది, కొన్నింటి మీద ఆకుపచ్చటి నూగు ఇంకా పూర్తిగా పోలేదు. మూసిన గది తలుపు తీసినప్పుడు వచ్చే వాసన వచ్చింది. యర్రమ్మ సీసా తెచ్చి ఊపి చూపించింది. ఉప్పు చక్కగా అడుక్కి జారింది.

"సూడు. ఎండిపోనాయి," అంది.

అవి ఇప్పుడు ఎండాయి గాని, అంతకుముందు బూజు పట్టాయనీ, సీసా తడిని చూపిస్తుందే తప్ప బూజును చూపించదనీ జీవిత చెప్పింది. ఇవి తినకూడదంది. యర్రమ్మ కాసేపు గింజల్లో చెయ్యి ఆడిస్తూ కూర్చుంది. తర్వాత, పోనీ కోళ్లకు వేస్తానంది. కోళ్లకూ, పందులకూ కూడా మంచిది కాదని జీవిత చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే తన గొంతు తనకే నచ్చలేదు. ఈ గింజలు ఇలా కావడానికి కారణమైన టార్పాలిను ఆ ఇంటి మీద, తమ తలల పైన, ఎండలో నీలంగా కనబడుతూనే ఉంది.

ఏడాదంతా కష్టపడి పండించింది ఇదేననీ, సామలు ఎప్పుడో అయిపోయాయనీ, గెడ్డలో పారబోస్తే కొండ ఊరుకోదనీ యర్రమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత చాట తీసుకుని గింజలు ఎత్తడం మొదలుపెట్టింది. వాటిని వండుకుంటుందని జీవితకు అర్థమైంది. చాట లాక్కోవడానికి చెయ్యి రాలేదు.

ఇంటికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. పైడమ్మ కాఫీ గింజలు ఏరుతోంది. కూతురి మొహం చూసి పని ఆపింది. జీవిత జరిగింది చెప్పింది. రేపు సర్వేశ్వరరావుకు ఫోను చేస్తానంది. ఆయనేం చేస్తాడో ఆమెకూ తెలియదు. పైడమ్మ అంతా విని, ఒళ్లో ఉన్న గింజలు బుట్టలో పోసి, కొంగు దులుపుకుని లేచింది. గాదెలోంచి తమ చోళ్లు కుంచం నిండా తీసుకుని, గుడ్డ కప్పి, వాకిలి దాటింది. తల్లి తనంతట తాను ఇంకొకరి ఇంటికి వెళ్లడం చూసి జీవితకు చాలా కాలమైంది. కొంచెం వెనకగా ఆమె వెంట నడిచింది.

యర్రమ్మ పాడైన చోళ్లు సంచిలోకి ఎత్తేసి, కొన్ని తిరగలి పక్కన పెట్టుకుంది. సోని తిరగలి పిడి పట్టుకుని కూర్చుని ఉంది. పైడమ్మ కుంచాన్ని గుమ్మంలో దింపి, యర్రమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది. సోని చేతిలోంచి పిడి తీసి పక్కన పెట్టింది.

"నానూ కడిగినాను ఒదినా," అంది. "నీల్లలో రంగు పోయినదాకా కడిగినాను. వాసన కూడా నేదు. మంచిగయిపోనాయి అనుకున్నాను."

యర్రమ్మ ఆమె మొహంలోకి చూడలేకపోయింది. ఆ మాట ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. కాని అది పైడమ్మ నోట రావడం అంతవరకూ ఎవరూ వినలేదు. గుమ్మం బయట నిలబడిన కూతురూ వినలేదు.

"గింజ పారబోత్తే పాపం అంటారు," అంది పైడమ్మ. "ఈ గుంట తాగిన అంబలిలో ఏటైనా ఉంటే, నువ్వు ఎవులికి సెప్పుకుంటావు? నాను ఎవులికి సెప్పుకున్నాను? ఈ కుంచం వండుకో. తరవాత సంగతి తరవాత."

యర్రమ్మ తిరగలి పక్కనున్న గింజలను రెండు చేతులా తీసి సంచిలో పోసి, మూతి కట్టేసింది.

పారబోయడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. తిండిగింజను చెత్తలా విసిరేస్తే తనకు నిద్ర పట్టదంది. జీవితకు అప్పుడొక ఆలోచన వచ్చింది. కాఫీ తోట అంచున ఎజ్రా పేడ, ఆకులు వేసి ఎరువు మాగబెట్టే గొయ్యి ఉంది. మనుషులకూ కోళ్లకూ పనికిరాని గింజ నేలకు పనికొస్తుంది. పారబొయ్యొద్దు మామ్మా, నేలకే ఇచ్చేద్దాం అంది. యర్రమ్మ దానికి తలూపింది. మరునాడు పొద్దున్నే సంచి ఎత్తుకుని తోటకు వచ్చింది. గొయ్యి అంచున పసుపు నీళ్లు చల్లి, తన దేవతకు ఏదో చెప్పుకుని, గింజలు గుమ్మరించింది. బూజు పొడి పీల్చకుండా ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్లలో చర్చివాళ్లూ ఉన్నారు. ఎజ్రా పేడ, ఆకులు వేసి, పైన మట్టి కప్పాడు. పైడమ్మ చేతులు జోడించి ప్రార్థన చేసుకుంది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు.

పైడమ్మ కుంచం తీసుకెళ్లిన సంగతి ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసింది. తర్వాతి ఆదివారం చర్చిలో కోత పండుగ. ప్రతి ఇంటివాళ్లూ కొత్త పంటలో మొదటి భాగం తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ ఏడు చర్చి పెద్ద వాటిలోంచి చోళ్లన్నీ విడిగా కట్టించి యర్రమ్మ ఇంటికి పంపించాడు. దేవత కొలుపు చేసేవాళ్లూ తమ కొత్తల పండుగలో వచ్చిన గింజలో వాటా తీశారు. కుంచమని కొందరు, అరకుంచమని కొందరు, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి పోశారు. అయితే తెచ్చిన ప్రతి మూటనూ యర్రమ్మ విప్పి, వాసన చూసి, సీసాలో వేసి ఊపిగాని తీసుకోలేదు. ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. ఒకామె మూట సగం పచ్చిగా ఉందని, ఎండబెట్టి మళ్లీ తెమ్మని తిప్పి పంపేసింది. ఆమె రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ తెచ్చింది.

ఇదంతా అయ్యాక జీవిత పాడేరు వెళ్లి సర్వేశ్వరరావును కలిసింది. తాను చెప్పాల్సింది దారిలో చాలాసార్లు కూడబలుక్కుంది గాని, ఆయన ముందు కూర్చున్నాక సూటిగానే చెప్పింది. మా ఊరికి ఇంటికి రెండు టార్పాలిన్లు కావాలి, ఒకటి ఇంటి మీదికి, ఒకటి కుప్ప మీదికి అంది. సంఘం పని ధాన్యమే గాని ఇళ్లు కాదని ఆయన అన్నాడు. అది నిజమేనని ఆమె ఒప్పుకుంది.

"కాని సార్, మీరు ఒక్కటే ఇస్తే అది ఇంటి మీదికే పోతుంది. నేనైనా పిల్లల మీదే కప్పుతాను. రెండోది ఇస్తేనే మీ ధాన్యం తడవకుండా ఉంటుంది."

సర్వేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. ఆ ఏడు తుఫానుకు కొండ మీద ఎన్నో ఊళ్ల చోళ్లు వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ సరుకు తాలూకు ఫోన్లతో ఆయన అలిసిపోయి ఉన్నాడు. మిగతా ఊళ్లలోనూ టార్పాలిన్లు ఇళ్ల మీదే ఉన్నాయా అని అడిగాడు. మీరు చూడలేదా అని ఆమె అడిగింది. చూశాను గాని, కోపంతో చూశానన్నాడు ఆయన. ఆ మాట విన్నాక జీవితకు ఆయన మీద గౌరవం పెరిగింది. తాను కూడా మొదటి ఏడు అలాగే చూశానని మనసులో అనుకుంది.

అడిగినవన్నీ రాలేదు. రెండో టార్పాలిను కొన్ని ఇళ్లకే వచ్చింది. కొత్త గోనెసంచులు వచ్చాయి. ఊరి మధ్య, చర్చికీ దేవత గద్దెకూ మధ్యనున్న ఖాళీ స్థలంలో అందరూ కలిసి సిమెంటు కళ్లం వేసుకున్నారు. సిమెంటు సంఘం ఇచ్చింది. రాయి, ఇసుక, కష్టం ఊరివి. మందు పట్టించిన విత్తనాన్ని ఇళ్లలో ఉంచకుండా, తాళం వేసిన ఒక పెట్టెలో ఊరందరిదీ ఒకేచోట పెట్టాలని పైడమ్మ చెప్పింది. ఆ పెట్టె ఆమె దగ్గరే ఉంటుంది. విత్తేనాటికి ఎవరి మూట వాళ్లకిస్తుంది, మిగిలితే తిరిగి తెమ్మంటుంది. తెచ్చేదాకా ఊరుకోదు. ఆమె ఇంతకుముందు కన్నా ఎక్కువ మాట్లాడుతుందని చెప్పలేను గాని, ఆ పెట్టె విషయంలో మాత్రం ఎవరి గుమ్మమైనా ఎక్కుతుంది.

ఊరు పూర్తిగా మారిపోయిందనడానికి లేదు. పని తొందరలో ఇప్పటికీ ఎవరో ఒకరు రోడ్డు మీద గింజలు పరుస్తారు. పాత సంచులు కొన్ని అటకల మీద కనబడుతూనే ఉంటాయి. జీవిత చూస్తుంది, కొన్నిసార్లు చెబుతుంది, కొన్నిసార్లు ఏమీ అనకుండా తనే చీపురు తీసుకుని గింజలను కళ్లంలోకి ఊడుస్తుంది. పక్క ఊళ్లవాళ్లు పిలిస్తే వెళుతుంది. వెళ్లగానే ముందు ఇళ్ల కప్పులు చూడటం ఆమెకు అలవాటైపోయింది.

మొన్న మాఘంలో సంఘం లారీ చోళ్ల కోసం పనసగొంది వచ్చింది. బస్తాలు కళ్లంలో సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్లు భుజాలకెత్తుకోబోతుంటే యర్రమ్మ కర్ర పట్టుకుని వచ్చి, ఆగమంది. లారీ వెనక తలుపు దింపించి, తల లోపలికి పెట్టి వాసన చూసింది. చెక్కల సందుల్లో తెల్లటి పలుకులు కనబడ్డాయి. నిన్న ఏటి మోసినావు నాయనా అని డ్రైవరును అడిగింది. ఎరువులు మోశానని అతను చెప్పాడు, తుడిపించానని కూడా చెప్పాడు. అతను కింద ఊరి మనిషి, ఇంకో రెండు ఊళ్లు తిరగాల్సి ఉంది. అతని తొందర అతనిది.

"తుడిత్తే సాలదు. కడగాల," అంది యర్రమ్మ. "ఇవి పిల్లలు తినీవి."

డ్రైవరు జీవిత వైపు చూశాడు. సంఘం తరఫు మనిషి ఆమే కాబట్టి, ఎక్కించమని చెబుతుందనుకున్నాడు. జీవిత ఫోను తీసి సర్వేశ్వరరావుతో మాట్లాడింది. లారీ ఆలస్యమవుతుందనీ, మిగతా ఊళ్లకు కబురు చెప్పమనీ అడిగింది. ఆయన అటు నుంచి ఏమన్నాడో గాని, సరే సార్ అని పెట్టేసి, బిందె తీసుకుని గెడ్డ వైపు నడిచింది.

ఆడవాళ్లు వరసగా నీళ్లు తెచ్చారు. ఎజ్రా లారీ ఎక్కి కొబ్బరి పీచుతో చెక్కలు రుద్దాడు. కాసేపు చేతులు కట్టుకుని నిలబడిన డ్రైవరు, తర్వాత చెప్పులు విడిచి, లుంగీ మడిచి, తనూ ఎక్కాడు. సందుల్లో ఇరుక్కున్న పలుకులను పుల్లతో తీశాడు. కడిగిన నీళ్లు గెడ్డలోకి పోకుండా జీవిత గునపంతో చిన్న కాలువ తవ్వి దారి పక్కకు మళ్లించింది. కడగడం అయ్యాక లారీని ఎండలోకి తిప్పి పెట్టారు. తడి చెక్క మీద బస్తాలు వేయడానికి లేదు. పైడమ్మ అందరికీ చోడి అంబలి తెచ్చింది. డ్రైవరు గిన్నె పట్టుకుని బస్తాల పక్కన కూర్చుని, ఇంటి దగ్గర తన భార్య కూడా ఇలాగే చేస్తుందని, మామిడికాయ ముక్కతో తాగుతామని చెప్పాడు. చెక్కలు ఆరేదాకా అందరూ అక్కడే కూర్చున్నారు.